గోల్ఫ్‌కు పోయే ముందు ఈ ఉత్తరం చదువు

హనుమకొండ

అరేయ్ దోస్త్,

నిన్న ఫోన్‌లో నీ టెన్షన్ చూస్తే నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది. మీ పెద్దసారు హైదరాబాద్‌లో గోల్ఫ్‌కు రమ్మన్నాడు, నువ్వేమో మంచిర్యాలలో రాత్రంతా కూర్చొని స్వింగ్ వీడియోలు చూస్తున్నావు. ఆ వీడియోలు కట్టేయి ముందు. వారం రోజుల్లో స్వింగ్ ఎవడికీ రాదు. బంతి తగలకపోతే పరువు పోతుందని కదా నీ భయం? కొత్తవాడికి తగలదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. దానికెవరూ ఏమీ అనుకోరు. వెనకాల వాళ్లను నిలబెట్టేవాడిని, దెబ్బల లెక్క దాచేవాడిని మాత్రం ఇంకోసారి పిలవరు. అందుకే ఎట్లా కొట్టాలో కాదు, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, బంతి పోతే ఏం చేయాలి, ఇవి రాస్తున్నాను. మా బావ వెంట పోయి పోయి నాకు అబ్బింది ఇదే.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తా. 18 హోల్స్, అంటే బంతిని వేయాల్సిన రంధ్రాలు, ఉంటాయి. ఒక్కోదానికి మూడో నాలుగో ఐదో దెబ్బలు అని లెక్క కట్టి పెడతారు, దాన్ని పార్ అంటారు. అన్నీ కలిపితే మామూలుగా 72 దాకా వస్తుంది. ఎంత తక్కువ దెబ్బల్లో పూర్తి చేస్తే అంత గొప్ప. పార్ కంటే ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. బర్డీ గురించి నువ్విప్పుడే ఆలోచించకు.

అసలు విషయం వేరే ఉంది. ఈ ఆటలో అంపైర్ ఉండడు. పెద్ద టోర్నమెంట్లలో రిఫరీలు తిరుగుతారు గానీ, మామూలు రోజున నీ తప్పు నువ్వే చెప్పుకోవాలి. చిన్నప్పుడు చిర్రగోనె ఆడేటప్పుడు నువ్వు నూరు అంటే నేను అరవై అనేవాణ్ని, కర్రతో కొలిచేదాకా ఒప్పుకునేవాణ్ని కాదు. ఇక్కడ ఎదుటివాడు కొలవడు, నువ్వు ఆరు అంటే ఆరే రాసుకుంటాడు. 1925లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలో అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ కొట్టబోతుంటే బంతి కాస్త కదిలింది. ఇంకెవరూ చూడలేదు. తనే చెప్పి తన మీద ఒక స్ట్రోక్, అంటే ఒక దెబ్బ, అదనంగా వేసుకున్నాడు. చివరికి విల్లీ మెక్‌ఫార్లేన్‌తో స్కోరు సమానమై, విజేతను తేల్చడానికి మళ్లీ ఆడే ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క స్ట్రోక్ లేకపోతే ప్లేఆఫే ఉండేది కాదు.

స్కోరు కార్డు మీద సంతకం కూడా అట్లాంటిదే. టోర్నమెంట్‌లో నీ స్కోరు తోటి ఆటగాడు రాస్తాడు, సరిచూసుకొని సంతకం పెట్టాల్సింది నువ్వు. 1968 మాస్టర్స్ టోర్నమెంట్‌లో అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో 17వ హోల్‌ను మూడు దెబ్బల్లో ముగిస్తే కార్డులో నాలుగు అని పడింది. చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. ఎక్కువ రాసి సంతకం పెడితే ఆ ఎక్కువే ఖాయం. ప్లేఆఫ్ ఆడాల్సినవాడు ఒక్క దెబ్బ తేడాతో రెండో స్థానంలో మిగిలాడు. అదే తక్కువ రాసి సంతకం పెడితే పోటీ నుంచే తీసేస్తారు. మీ సారుతో ఆడేది సరదా ఆటే, అంత దూరం పోదు. కానీ ప్రతి హోల్ అయ్యాక నీ లెక్క నువ్వే పైకి చెప్పు. "ఎనిమిది సార్" అంటే ఎవరూ నవ్వరు. "ఆరో, ఏడో..." అని నసిగితేనే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఇక మొదటి దెబ్బ. టీ దగ్గర, అంటే ప్రతి హోల్ మొదలుపెట్టే చోట, రెండు గుర్తులు పాతి ఉంటాయి. బంతిని వాటి మధ్యన, వాటికి సమానంగానో కాస్త వెనకగానో పెట్టాలి, ముందుకు మాత్రం జరపకూడదు. వెనక్కి రెండు క్లబ్బుల (బంతి కొట్టే కర్రల) పొడవు దాకా జరపొచ్చు. ఊపు చూసుకుంటుంటే బంతి దాన్ని నిలబెట్టే పుల్ల (దాన్నీ టీ అనే అంటారు) మీద నుంచి కింద పడితే కంగారు పడకు, మళ్లీ పెట్టుకో, లెక్కలోకి రాదు. కానీ కొడదామనే ఊపి గాలిని కొట్టావనుకో, అది ఒక దెబ్బ. వేరేవాళ్లు కొట్టేటప్పుడు వాళ్ల వెనకాల గీత గీసినట్టు నిలబడొద్దు, నీ నీడ బంతి మీద పడొద్దు. ఫోన్ సైలెంట్‌లో పెట్టు. జేబులో చిల్లర ఆడించే అలవాటు నీకుంది, అది కూడా మానుకో. వాళ్లు కొట్టేదాకా ఎవరూ వాళ్లకంటే ముందుకు పోవద్దు. బంతి ఎవరి వైపన్నా పోతుందని అనుమానం వస్తే చాలు, గొంతు చించుకొని "ఫోర్" అని అరువు. మర్యాద కోసం ఆగితే ఎవడి తలో పగులుతుంది. ఎవరన్నా అరిచింది వినబడితే వెనక్కి తిరిగి చూడకు, తల వంచి చేతులు అడ్డం పెట్టుకో.

బంతి పోవడం ఖాయం కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. పొదల్లోకి పోయినట్టు అనిపిస్తే అక్కడే "ప్రొవిజనల్ కొడుతున్నా" అని పైకి చెప్పి, మొదటిది దొరకకపోతే పనికొచ్చేలా ఇంకో బంతి కొట్టు. చెప్పకుండా కొడితే ఆ రెండోదే అసలు బంతి అయిపోతుంది, ఒక స్ట్రోక్ పెనాల్టీ కూడా పడుతుంది. వెతకడానికి మూడు నిమిషాలే. 2019 దాకా ఐదు ఉండేవి. ఆ ఏడాది రూల్స్ మొత్తం తిరగరాసి 34 ఉన్నవాటిని 24 చేశారు. అందుకే పాతకాపులు కొందరు ఇంకా పాత మాటే చెప్తుంటారు, వాదించకు. బంతి దొరకకపోయినా, కోర్సు హద్దు చూపే తెల్ల గుంజలు దాటినా, ఒక స్ట్రోక్ కలుపుకొని కొట్టిన చోటి నుంచే మళ్లీ కొట్టాలి. ప్రొవిజనల్ కొట్టి ఉంటే ఆ నడక తప్పుతుంది. ఎర్ర గుంజలో పసుపు గుంజలో ఉన్నచోట, అంటే చెరువు, కాలువ లాంటివాటిలో పడితే ఒక స్ట్రోక్ కలుపుకొని బయట వేసుకోవచ్చు. ఎరుపైతే కాస్త దయ ఎక్కువ. బంతి హద్దు దాటిన చోటి నుంచి రెండు క్లబ్బుల పొడవులోపల, హోల్‌కు దగ్గర కాకుండా పక్కనే వేసుకోవచ్చు. వేయడం అంటే విసరడం కాదు, మోకాలి ఎత్తు నుంచి చేత్తో వదలాలి.

మీ సారు చెప్పిన కోర్సు గోల్కొండ దగ్గర నయాఖిల్లాలో ఉన్నదే అయితే అక్కడ హతియాన్ కా ఝాడ్ కూడా ఉంది, అంత లావు చెట్టు నువ్వెక్కడా చూసి ఉండవు. ఇక హైదరాబాద్ అంటేనే బండలు కదా, బండల సంగతి కూడా విను. ఎండుటాకులు, పుల్లలు, రాళ్లు, పేడ కూడా తీసి పక్కన పడేయొచ్చు, బంతి కదలకుంటే చాలు. 1999లో ఫీనిక్స్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ బంతి ఓ పెద్ద బండరాయి వెనకాల ఆగింది. చాలా బరువైంది. రిఫరీని అడిగితే, భూమిలో పాతుకోలేదు కాబట్టి జరపొచ్చన్నాడు. చూడటానికి వచ్చిన జనం పది పన్నెండు మంది కలిసి దొర్లించేశారు, వుడ్స్ ఆ హోల్‌లో బర్డీ కొట్టాడు! నీకు అంతమంది జనం రారు, పైగా మన దక్కన్ బండ భూమిలో సగం ఉంటుంది. అట్లాంటిదైతే జరపరాదు. ఒక స్ట్రోక్ కలుపుకొని "అన్‌ప్లేయబుల్", అంటే ఇక్కడి నుంచి కొట్టలేను, అని చెప్పి బయట వేసుకో, క్లబ్ విరగ్గొట్టుకోకు. పాము కనబడినా, తేనెటీగలు ముసిరినా మాత్రం పెనాల్టీ లేకుండానే పక్కకు రావొచ్చు. ఆగి ఉన్న నీ బంతిని కుక్క ఎత్తుకుపోతే, ఉన్నచోటే పెట్టుకొని ఆడుకోవచ్చు.

బంకర్ అంటే ఇసుక గుంత. కొట్టే ముందు క్లబ్బును ఇసుకకు తాకించొద్దు, ఊపు చూసుకునేటప్పుడైనా సరే. బయటికి వచ్చేటప్పుడు నీ అడుగులన్నీ అక్కడున్న రేక్‌తో చదును చేసి రా. తర్వాత వచ్చేవాడి బంతి నీ కాలి గుంతలో పడితే వాడు తిట్టేది నిన్నే.

గ్రీన్, అంటే రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి, దాని మీద మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. కొత్తవాళ్లు దొరికిపోయేది అక్కడే. గడ్డి కార్పెట్ అంత సన్నగా ఉంటుంది, బ్యాగు దాని మీద పెట్టొద్దు, పరుగెత్తొద్దు, కాళ్లు ఈడ్చొద్దు. ప్రతి బంతికీ, నాలుగుంబావు అంగుళాల ఆ రంధ్రానికీ మధ్య కంటికి కనబడని దారి ఒకటి ఉంటుంది. వేరేవాడి దారిని తొక్కకుండా చుట్టూ తిరిగి పో, లేదా దాటి అడుగు వేయి. నీ బంతి వాళ్ల దారికి అడ్డం ఉంటే ముందు దాని వెనకాల రూపాయి బిళ్ల పెట్టు, ఆ తర్వాతే బంతి తియ్యి. తిరిగి పెట్టేటప్పుడు వరుస తిరగేయి, ముందు బంతి, తర్వాత బిళ్ల తీసేయడం. బంతి పైనుంచి పడ్డచోట చిన్న గుంట పడుతుంది. దాన్ని సరిచేయడానికి చిన్న ఫోర్క్ లాంటిది ఇస్తారు. చాలామంది దాన్ని గుంటలో గుచ్చి మట్టిని పైకి లేపుతారు, దాంతో వేర్లు తెగి అక్కడ గడ్డి ఎండిపోతుంది. అట్లా కాదు, అంచున గుచ్చి గడ్డిని మధ్యలోకి నెట్టుకుంటూ చుట్టూ రా, చివర్లో పట్టర్ (గ్రీన్ మీద వాడే క్లబ్బు) అడుగుతో మెల్లగా తట్టు. ఇది చేస్తుండగా మీ సారు చూశాడంటే నువ్వు గంటలో పది బంతులు పోగొట్టినా పట్టించుకోడు. జెండా కర్ర తీయాలా ఉంచాలా అంటావా, 2019 నుంచి నీ ఇష్టం. ముందున్నవాడిని అడుగు, ఆయన ఎట్లా అంటే అట్లా.

వేగం సంగతి ఒకటి. రూలు ప్రకారం దూరంగా ఉన్నవాడు ముందు కొట్టాలి, కానీ సరదా ఆటలో ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్లు కొట్టేయడమే పద్ధతి. నీ వంతు వచ్చాక నలభై సెకన్లు మించొద్దని రూల్ బుక్కే చెప్తుంది. ఒక హోల్‌లో పార్‌కు రెట్టింపు దాటావంటే "నేను తీసేస్తున్నా సార్" అని బంతి జేబులో వేసుకో. అందులో నామోషీ ఏం లేదు. వెనక బృందం నడుము మీద చేతులు పెట్టుకొని చూస్తుంటే మాత్రం ఆగి వాళ్లను ముందుకు పోనివ్వండి.

ఏ క్లబ్బుతో కొట్టాలని మీ సారును అడగకు. పోటీలో అట్లా అడిగితే రెండు స్ట్రోకులు పెనాల్టీ. క్యాడీని, అంటే నీ బ్యాగు మోసే మనిషిని, ఎంతైనా అడగొచ్చు, వాడున్నదే అందుకు. జెండా ఎంత దూరముందని మాత్రం ఎవరినైనా అడుగు. క్యాడీని "అరేయ్" అనకు, "భాయ్" అను. అక్కడ నీకంటే ఆట తెలిసినవాడు అతనే. 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే మనిషి కొడుకు ఎస్ఎస్‌పీ చౌరాసియా. అక్కడ చూసి చూసి ఆడటం నేర్చుకొని 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు.

"నీ హ్యాండిక్యాప్ ఎంత" అని ఎవరన్నా అడిగితే ఇంకా తీసుకోలేదని చెప్పు. అది ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే రాయితీ, ఎక్కువలో ఎక్కువ 54. అంటే హోల్‌కు మూడు దెబ్బలు వదిలేస్తారు, పార్ నాలుగు ఉన్నచోట నువ్వు ఏడు కొట్టినా పార్ కొట్టినట్టే. ఆడేవాళ్లలో కొత్తవాడూ పాతవాడూ కలిసి పందెం వేసుకోగలిగేది దీనివల్లే. నాకైతే ఈ ఆటలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

బట్టలు: కాలర్ ఉన్న టీషర్ట్, మామూలు ప్యాంటు. జీన్స్ వద్దు, చాలా క్లబ్బుల్లో గేటు దగ్గరే ఆపుతారు. స్పోర్ట్స్ షూస్ సరిపోతాయి, కొత్తవి కొనకు, కాళ్లు కొరుకుతాయి. టోపీ పెట్టుకో, ఆట అయ్యాక తీసి అందరికీ చేయి కలుపు.

మా బావ పాత సెట్టు నా దగ్గరే పడుంది. బ్యాగులో పద్నాలుగు క్లబ్బుల కంటే ఎక్కువ ఉండొద్దని రూలు, ఇందులో తొమ్మిదే ఉన్నాయి, నీకు అవే ఎక్కువ. గీతలు పడ్డ బంతులు ఓ సంచెడు వేస్తున్నా, పోయినా బాధ లేదు. వాటన్నిటి మీద పెన్నుతో గుర్తు పెట్టుకో, ఎందుకంటే పక్కవాడి బంతి కొడితే రెండు స్ట్రోకులు. శనివారం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌కు వస్తున్నావు కదా, కాజీపేటలో ప్లాట్‌ఫామ్ మీద ఉంటాను. ఏ బోగీలో ఉన్నావో ముందే మెసేజ్ పెట్టు, అది అక్కడ ఎక్కువసేపు ఆగదు. అమ్మ సకినాలు కూడా ఇస్తానంటోంది, అవి నీకే, మీ సారుకు పెట్టి అయిపోగొట్టకు.

నీ దోస్తు