దూలగొండి పొడి సంగతి

తిరుపతి

చి. సౌమ్యకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అవ్వ పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) కోసం నువ్వు ఆన్‌లైన్‌లో తెప్పించిన దూలగొండి పొడి అందింది. డబ్బా మూత ఇంకా తియ్యలేదు. ఎందుకో ఫోన్లో చెప్తే సగమే చెప్పినట్టుంటుందని రాస్తున్నాను.

ఆ మొక్కంటే నాకు చిన్నచూపు లేదు. మన శేషాచలం అడవుల్లో పెరిగే తీగే అది. కాయ మీది గోధుమరంగు నూగు చేతికి తగిలితే గోకి గోకి చర్మం ఎర్రబడుతుంది. ఆ కాయలోని గింజల్లో ఎల్-డోపా అనే రసాయనం ఉంటుంది. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి ఆ గింజల నుంచి దాన్ని వేరు చేశారు. పార్కిన్సన్స్‌కు అది మందుగా నిలబడింది 1960ల చివర్లో. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఎంతో గర్వంగా ఉండేది.

అవ్వ మెదడులో, ఒంటి కదలికలను అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతున్నాయి. డోపమైన్‌ను నేరుగా ఇస్తే రక్తంలోంచి మెదడులోకి పోలేదు. ఎల్-డోపా పోతుంది, అక్కడ డోపమైన్‌గా మారుతుంది. అవ్వ రోజూ వేసుకునే మాత్రలో ఉన్నదీ అదే. ఇంగ్లీషు మందు ఒక పక్క, మూలిక ఒక పక్క, రెండూ వాడితే మంచిదే కదా అన్నావు. రెండూ ఒకే మందు తల్లీ.

లెక్క చూడు. గింజలో సుమారు 4 నుంచి 6 శాతం ఎల్-డోపా ఉంటుందంటారు. అంటే 5 గ్రాముల పొడిలో 200 నుంచి 300 మిల్లీగ్రాములు. అవ్వ మాత్రలో ఉన్నది 100. దానికి తోడు 25 మిల్లీగ్రాముల కార్బిడోపా ఉంటుంది. ఎల్-డోపా మెదడుకు చేరకముందే ఖర్చయిపోకుండా చూసేది అదే. పొడి కూడా వేస్తే అందులోని ఎల్-డోపాకూ అది దారి ఇస్తుంది. మోతాదు మించితే చేతులు, మెడ వాటంతటవే మెలికలు తిరగొచ్చు, లేని మనుషులు కనబడొచ్చు, లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. తెల్లారుజామున అవ్వ ఒంటరిగా బాత్రూంకు పోతుంది. నా టెన్షనంతా అక్కడే.

2017లో 18 మంది రోగులకు ఈ పొడి ఇచ్చి చూసిన పరిశోధన ఒకటుంది. ఒక్కో మోతాదుకు మాత్రకు దీటుగానే పనిచేసింది. కానీ అక్కడ తూచి, డాక్టర్ల ఎదుట ఇచ్చారు. ఇంట్లో చెంచాతో వేసేదానికి ఆ భరోసా ఎక్కడిది?

సరస్వతి ఆకు, పసుపు గురించి కూడా అడిగావు. వంటలో వాడుకుందాం, మందని మాత్రం నమ్మొద్దు. పసుపులోని కుర్కుమిన్ ఒంటికి పట్టేదే చాలా తక్కువ.

ఒక మంచి మాట. మీ అమ్మ ఇప్పుడు మాత్రను టిఫినుకు అరగంట ముందే ఇస్తోంది. పెసరట్టు, పప్పులాంటి వాటిలోని మాంసకృత్తులు పేగుల్లో ఎల్-డోపాకు పోటీ వస్తాయి. ఈ మార్పు తర్వాత అవ్వ రవిక హుక్కులు తనే పెట్టుకుంటోంది. చూసి మీ అమ్మ కళ్ళు తుడుచుకుంది.

వచ్చే చెకప్‌కు డబ్బా తీసుకుపోయి డాక్టరుకు చూపిస్తాను. ఈలోపు నువ్వు ఆ కంపెనీకి మెయిల్ పెట్టి, గ్రాముకు ఎంత ఎల్-డోపా ఉందో, ఏ ల్యాబులో పరీక్ష చేయించారో అడుగు. రిపోర్టు వస్తే నా వాట్సాప్‌కు పంపు.

ఆశీస్సులతో,
నాన్న