ఆ తెల్లచీర అమ్మగారికి వందనాలు

మీ పేరు అడగలేదమ్మా, అందుకే ఇలా రాస్తున్నాను. మా తమ్ముడు గే అని తెలిశాక మా చర్చి సంఘంలో చాలామంది మాకు వందనాలు చెప్పడమే మానేశారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అది నేరం కాదంది గానీ, మా సంఘపెద్దలకు ఆ తీర్పుతో పనేముంది!

ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం వాడు వెనక చాప మీద ఒక్కడే కూర్చుంటే, మీరు ఆడవాళ్ల వైపు నుంచి లేచొచ్చి పక్కన కూర్చున్నారు. పాటల పుస్తకం చెరో అంచూ పట్టుకున్నారు. అది పాపమంటూ బైబిల్లో రోమా 1వ అధ్యాయం ఎత్తిన పెద్దాయనతో, "అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు నపుంసకుడి రథమెక్కి పక్కనే కూర్చున్నాడు కదండీ" అన్నారు, అంతే. బహుశా మీరూ అది పాపమనే అనుకుంటారేమో, నేనడగను. వాడు మాత్రం ఆ రోజు రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాడు.

మళ్లీ మా ఊరొస్తే మా ఇంట్లో భోంచేసే వెళ్లాలి.