వంతగాళ్ళకూ ఒక మైకు, పది మార్కులు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలో వారానికి రెండుసార్లయినా ఒక మాట కనబడుతుంది. ఫలానా నాయకుడికి ఫలానావాళ్ళు వంత పాడుతున్నారు అని. అంటే సొంత బుర్ర లేనివాళ్ళని, ముందువాడు ఏమంటే అదే అంటారని అర్థం. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కాస్త ఉక్రోషం వస్తుంది. ఎందుకంటే నేను పద్దెనిమిదేళ్ళుగా మా ఊరి రామాలయంలో నిజంగానే వంత పాడుతున్నాను. అది ఎంత కష్టమో తెలిస్తే మీరు ఆ మాటను రాజకీయాలకు వాడరు.

నేను అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో టైలరు పని చేసుకుంటున్నాను. మా భజన సమాజంలో పదమూడు మందిమి. అందరమూ మగవాళ్ళమే. ఆడవాళ్ళకు కోలాటం జట్టు వేరే ఉంది, అది మాకంటే బాగా నడుస్తోంది, ఆ సంగతి ఇక్కడ వద్దు. ముందు పాడేది రిటైరైన తెలుగు మేస్టారు. హార్మోనియం ఒకరు, మృదంగం ఒకరు. మిగతా పదిమందిమీ వంత. ఇద్దరు కొబ్బరి దింపు పనివాళ్ళు, ముగ్గురు రైతులు, ఒక ట్రాక్టరు డ్రైవరు, చేపల చెరువు దగ్గర కాపలా ఉండే కుర్రాడు, కిరాణా కొట్టాయన, గోదారి మధ్య లంకలో అరటితోట చేసుకునే మా బావ, నేను.

కిందటి కార్తీకంలో మాకు భజన పోటీల్లో మూడో బహుమతి వచ్చింది. రెండు రోజులకు మీ జిల్లా పేజీలో ఫొటో పడింది. సంతోషం. అందులో మేస్టారు నిండుగా ఉన్నారు, హార్మోనియం పెట్టె ఉంది, ఎడమ పక్కన చివర ఒక మోచెయ్యి, అరచెయ్యి తాళం ఉన్నాయి. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇదిగోండి, ఇది మీ మోచెయ్యే. చేతి అంచు కుట్టు చూస్తే తెలీడం లేదూ?" అంది. ఫొటో కింద మేస్టారి పేరు, ఆ తరవాత "బృందం" అన్న మాట. మేస్టారి మీద నాకు రవ్వంత కూడా అసూయ లేదండీ. ఆయన గొంతు మా ఊరికి ఆస్తి. కానీ ఆ బృందం అన్న ఒక్క మాటలో పదిమంది ఏడాది పొడుగునా పడ్డ పాటు మునిగిపోయింది. అదేమిటో చెప్పాలనే ఈ ఉత్తరం.

మా ఏడాది ధనుర్మాసంతో మొదలవుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు రామాలయం దగ్గర కలుస్తాం. మంచు, దాళ్వా (రెండో పంట) నారుమళ్ళ మీంచి వచ్చే చలి, మఫ్లర్లు. మైకు ఉండదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు పెట్టకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ నిబంధన లేకపోయినా మేం పెట్టం. మైకు లేకుండా వీధుల్లో తిరిగితేనే వంత విలువ తెలుస్తుంది. ఎంత గొప్ప గొంతయినా ఒక్క గొంతు కొబ్బరితోట దాటి అవతలి వీధికి వెళ్ళదు. పది గొంతులు వెళ్తాయి. మేస్టారు ఒక చరణం ఎత్తుకుంటే పక్క ఇంటివాళ్ళు వింటారు, మేం అందుకుంటే కాలవ అవతలి పేటలో లైటు వెలుగుతుంది.

ఆ నెలలోనే మా వీధి చివర చర్చి కుర్రాళ్ళు రాత్రిళ్ళు క్యారల్స్‌కు తిరుగుతారు. వాళ్ళు పడుకునే వేళకు మేం లేస్తాం. వాళ్ళలో ఒకతను పండక్కి చొక్కా కుట్టించుకోవడానికి మా కొట్టుకు వచ్చాడు. కొలతలు తీసుకుంటూ మీ పోటీలెలా ఉంటాయిరా అని అడిగాను. "మా పోటీల్లో క్వయర్ పేరే పిలుస్తారు బాబాయ్. గుంపులో ఒక్కడి గొంతు విడిగా వినబడిందంటే మార్కులు కోసేస్తారు" అన్నాడు. పైగా వాళ్ళలో గొంతు బరువైనవాళ్ళు కింద పాడతారట, తేలికైనవాళ్ళు పైన పాడతారట. టేపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మాలో అందరమూ మేస్టారి ఎత్తుకే గొంతు చించుకుంటున్నాం.

మేస్టారు వయసులో ఉండగా పద్యనాటకాలు వేసిన మనిషి. నాలుగు శ్రుతికి, అంటే హార్మోనియం మీద బాగా ఎత్తయిన మెట్టుకు, తక్కువ పాడితే ఆయనకు పాడినట్టే ఉండదు. యాభై దాటిన మాకు ఆ శ్రుతిలో పంచమం, అంటే ప దాకా బాగానే ఉంటుంది, పై షడ్జమం, అంటే పై స తగిలేసరికి సగంమంది గొంతు చీలిపోతుంది, మిగతా సగం పెదవులు ఆడిస్తారు. శ్రుతి దించమని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి మా హార్మోనియం ఆయన ఒక శనివారం ఏమీ చెప్పకుండా రెండు శ్రుతిలో మెట్టు నొక్కేశాడు. మేస్టారు పల్లవి పాడారు, మేం అందుకున్నాం. మొదటిసారి మా గొంతు మాకే నిండుగా వినబడింది. పాట అయ్యాక మేస్టారు కళ్ళజోడు తుడుచుకుని "ఇవాళ మీరంతా బాగా పాడారర్రా" అన్నారు. ఆయనకు మొదటి అక్షరంలోనే తెలిసిందని నా అనుమానం. అప్పటినుంచీ రెండు శ్రుతే. చెరువు కాపలా కుర్రాడిది, బావది బరువు గొంతులు, వాళ్ళను కింది స్థాయిలో పాడమన్నాం.

హార్మోనియం ఆయన గురించి ఒక ముక్క. అవమానం మాటకొస్తే మాకంటే ఆయన వాద్యానిదే పెద్ద కథ. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ముప్ఫై ఏళ్ళు బయట నిలబడ్డ పెట్టె ఇవాళ ప్రతి వేదిక మీదా నడిమధ్యన కూర్చుంటోంది. మాకూ ఆ రోజు రాకపోతుందా అని ఆయన్ని ఏడిపిస్తుంటాను.

సాధన వారానికి రెండు రోజులు, మంగళ, శనివారాలు, రాత్రి ఎనిమిదికి. వంత అంటే విన్నది తిరిగి అనడమే కదా అనుకుంటారు. మా పాటల్లో సగం రామదాసు కీర్తనలు. భద్రాచలం దాటి వచ్చిన నీళ్ళే కదా మా కాలవలో పారేది. త్యాగరాజ స్వామివారు కూడా గుంపుగా పాడుకోవడానికే దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు చేశారు. చరణాలు చాలావరకు ఒకే వరసలో నడుస్తాయి, పదిమందీ పట్టుకోవడానికి వీలుగా. అంత పెద్దాయన వంతగాళ్ళను తలుచుకుని పాట కట్టాడంటే మాకు గర్వంగా ఉంటుంది. అయినా మిశ్రచాపు, అంటే ఏడు అక్షరాల తాళం, వచ్చిందంటే మాకు టెన్షనే. "తకిట తకధిమి" అని తొడ మీద కొట్టుకుంటూ కూర్చుంటాం. తాళం పడ్డాక ఒక్క క్షణం ఆగి ఎత్తుకోవలసిన చోట ట్రాక్టరు డ్రైవరు ఎప్పుడూ ముందే దూకుతాడు. క్లచ్ వదలకుండానే బండి కదిపేస్తున్నావురా అని మృదంగం ఆయన విసుక్కుంటాడు. పదిమందీ ఒకేచోట ఊపిరి పీలిస్తే పాటలో గొయ్యి పడుతుంది. అందుకని నేను పీల్చేటప్పుడు పక్కవాడు పట్టుకోవాలి, అతను వదిలేసరికి నేను మళ్ళీ అందులో ఉండాలి. ఇది ఎవరికీ వినబడని పని. వినబడలేదంటే బాగా చేసినట్టు.

సంక్రాంతి, శ్రీరామనవమి అందరికీ తెలిసినవే, వాటి గురించి చెప్పను. పానకం తాగి పాడితే గొంతు పట్టేస్తుందని మాత్రం చెప్పాలి.

వేసవిలో కాలవలు కట్టేశాక, దాళ్వా ధాన్యం ఇంటికి చేరాక, ఏకాహం పెడతాం. ఈ రోజు సూర్యోదయం నుంచి రేపు సూర్యోదయం దాకా నామం ఆగకూడదు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి సమాజాలు వస్తాయి, ఒక్కొక్కళ్ళకు గంటన్నర. ఏకాహంలో ముందు పాడేవాడంటూ ఉండడు. ఒక జట్టు అంటుంది, రెండో జట్టు అందుకుంటుంది. ఈసారి మాకు రాత్రి రెండున్నర నుంచి నాలుగు దాకా పడింది. మేస్టారికి బీపీ ఉంది, పడుకోమని పంపేశాం. మా తరవాత రావలసిన జట్టు బండి దారిలో ఆగిపోయిందని ఫోను వచ్చింది. నాలుగయింది, నాలుగున్నరయింది. దింపు పనివాళ్ళిద్దరూ అప్పటికే ఆ రోజు చెట్లెక్కి వచ్చారు. ఒకతను కూర్చునే నిద్రపోతున్నాడు, చేతిలో తాళం మాత్రం తప్పడం లేదు. కాఫీ తాగడానికి ఇద్దరిద్దరం లేచాం, మిగతావాళ్ళు పట్టుకున్నారు. ఐదుంబావుకు ఆ జట్టు వచ్చింది. చెప్పులు విప్పుతూ గుమ్మంలోంచే మాతో కలిపి అనడం మొదలెట్టారు, వచ్చి మా పక్కన కూర్చున్నారు, మేం ఒక్కొక్కరమే లేచాం. ఎక్కడ మా నామం ఆగిందో, ఎక్కడ వాళ్ళది మొదలైందో విన్నవాళ్ళెవరూ చెప్పలేరు. నామం కింద పడలేదు. దానికి బహుమతి లేదు, ఫొటోగ్రాఫరు లేడు. నా మటుకు మొత్తం ఏడాదిలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు.

సార్వా (తొలి పంట) నాట్లు మొదలయ్యాక సాధనకు ఆరుగురు వస్తే గొప్ప. గోదారి పెరిగి ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆ వార్త టీవీలో రాగానే ఇక బావ రాడని మాకు తెలిసిపోతుంది. లంకలో అరటిగెలలు, గేదెలు, పిల్లలు ముందు గట్టెక్కాలి. ఆ తడికి మృదంగం మూతలు సాగిపోతాయి. తొప్పికి, అంటే మృదంగం ఎడమ వైపు మూతకు, రవ్వ ముద్ద ఎంత పెట్టినా డొల్లుగా మోగుతుంది. ఈ లోపల చెరువు కాపలా కుర్రాడికి వీసా వచ్చి కువైట్ వెళ్ళిపోయాడు. కింది స్థాయిలో సగం బలం అతనే. ఇప్పటికీ శనివారం వీడియో కాల్‌లో మా సాధన వింటాడు, అక్కడ గదిలో పడుకున్నవాళ్ళు తిడతారని నోరు మాత్రం తెరవడు. అతని చోట కిరాణా కొట్టాయన కొడుకును కూర్చోబెట్టాం.

ఇక పోటీలు. దసరాల్లో ఒక ఊళ్ళో పాడాం. ఊరి పేరు వద్దు. పన్నెండు నిమిషాలు, పదో నిమిషానికి గంట. మైకులు మూడు: మేస్టారికి ఒకటి, హార్మోనియానికి ఒకటి, మృదంగానికి ఒకటి. మేం వెనక రెండు వరసల్లో. మా తమ్ముడు జనంలో కూర్చుని ఫోనులో రికార్డు చేశాడు. ఇంటికొచ్చి విన్నాం. మేస్టారు ఒక వరస పాడి ఆగుతారు, తరవాత హార్మోనియం ఒక్కటే గుయ్యిమంటుంది, మళ్ళీ మేస్టారు. మేం గొంతు పగిలేలా పాడిన చోటల్లా ఖాళీ. మూడు నెలలు ఊపిరి పంచుకోవడం నేర్చుకున్నది ఈ ఖాళీ కోసమా అనిపించింది. మార్కుల కాగితం అడిగితే చూపించారు, అది వాళ్ళ మంచితనం. శ్రుతికి, లయకు, గాయకుడికి, వాద్యాలకు, వేషధారణకు తలా పది. వంతకు గడి లేదు. పంచెకున్న విలువ గొంతుకు లేదన్నమాట. ఆ పంచెలకు అంచులు కుట్టింది నేనే కాబట్టి ఆ పదిలో నాకు వాటా ఉందని సరిపెట్టుకున్నాను.

కార్తీకం పోటీకి హార్మోనియం ఆయన తన మైకు తీసి మా మధ్య పెట్టించాడు. నా వాద్యానికి మైకెందుకు, పెట్టె గట్టిదే అన్నాడు. మూడో బహుమతి వచ్చింది. రూ. 3,116. ట్రక్కు ఆటో కిరాయి 2,500, టిఫిన్లు 900. లెక్క మీరే వేసుకోండి. మేస్టారికి శాలువా కప్పారు. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్ళకుండా రామాలయంలో హార్మోనియం మీద కప్పి ఉంచారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

పోటీలు పెట్టే పెద్దలు ఈ ఉత్తరం చదివితే నాది ఒకటే మనవి. మీ కాగితంలో వంతకు ఒక గడి గీయండి, వంతగాళ్ళ మధ్య ఒక మైకు పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు. మా కిరాణా కొట్టాయన కొడుక్కి పందొమ్మిదేళ్ళు. వెనక వరసలో కూర్చుంటే ఎవరికీ వినబడనని తెలిసిన కుర్రాడు ఎన్ని మంగళవారాలు వస్తాడు? వాడు ముందు పాడాలనుకుంటే పాడనివ్వండి, కానీ పదిమందీ ముందే పాడితే అందుకునేదెవరు?

మీకూ ఒక మనవి. డిసెంబరు నడిమికి మళ్ళీ ధనుర్మాసం. మీ విలేకరిని ఒక రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు మా రామాలయం దగ్గరకు పంపండి, కాఫీ ఇస్తాం. కెమెరాను కాస్త వెడల్పుగా పట్టమనండి. నా పేరు, ఊరు విడి కాగితం మీద రాసి జత చేశాను. అచ్చు వేయనక్కరలేదు. వేస్తే పదిమందివీ వేయండి.

ఇట్లు,
ఒక వంతగాడు,
అంబాజీపేట మండలం, కోనసీమ