టేపులు తిరిగాయి, అందరికీ దండాలు

"మినీ డీవీ టేపులు ఆడించే కెమెరా ఎవరి దగ్గరైనా ఉందా?" అని పోయిన నెల అడిగాను, గుర్తుందా? అవే, పాత వీడియో కెమెరాల్లో వేసే చిన్న క్యాసెట్లు. దొరుకుతుందని నాకే నమ్మకం లేదు. 27 ఏళ్లు హైదరాబాద్‌లో టీవీ రిపోర్టరుగా మైకు పట్టుకుని తిరిగి రిటైరయ్యాక నాకు మిగిలినవి ఒక షూ డబ్బా, అందులో 31 టేపులు.

రామంతాపూర్ దూరదర్శన్‌లో ఇంజినీరుగా చేసిన పెద్దాయన మొదట ఫోన్ చేశారు. "బూజు పట్టిన టేపు మాత్రం తిప్పకమ్మా, టేపుని చదివే హెడ్డు పాడై మంచి టేపుల్ని కూడా పాడు చేస్తుంది" అన్నారు. మర్నాడు తానే ఇంటికొచ్చి, ఒక్కో టేపునూ కిటికీ వెలుతుర్లో తిప్పి చూసి, మంచివీ చెడ్డవీ విడదీశారు. కెమెరా ఇచ్చింది దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి వీడియోలు తీసే తమ్ముడు. దాన్ని కంప్యూటర్‌కి కలపాలంటే ఫైర్‌వైర్ కార్డు కావాలట. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో ఒక కుర్రాడు పాత సామానంతా కుమ్మరించి వెతికి తీశాడు. డబ్బులివ్వబోతే, "ఇదెవరూ కొనరక్కా, తీస్కపో" అన్నాడు.

గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంటా పడుతుంది, తొందరపెడితే కుదరదు. పెళ్లిళ్ల సీజన్‌లో పగలంతా తిరిగొచ్చి, రాత్రిళ్లు కూర్చుని ఎక్కించాడు తమ్ముడు.

ఇన్నేళ్లలో 31 టేపులేనా అంటారేమో. అప్పట్లో టేపు ఖరీదు. వార్త టెలికాస్ట్ అయితే వారం తిరక్కుండా దానిమీదే ఇంకోటి ఎక్కేది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నడుంలోతు నీళ్లలో, కెమెరాకి గొడుగు పట్టి (కెమెరాకే, నాకు కాదు) తీసిన విజువల్స్ మీద తర్వాత ఎవరి ప్రెస్‌మీటో ఎక్కింది. జిల్లాల టేపులు ఆర్టీసీ బస్సు డ్రైవర్ల చేతుల మీదుగా వచ్చేవి. ఇమ్లీబన్ బస్టాండులో మా ఆఫీస్ బాయ్ కాపు కాసేవాడు. బస్సు లేటయితే ఆ వార్త మర్నాటికే. ఈ 31 మాత్రం నా డబ్బుతో కొత్త టేపులు కొనిచ్చి, బదులుగా దాచుకున్నవి.

వాటిలో ఒకటి 2007 ఆగస్టు 25 రాత్రిది. లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల తర్వాత ఉస్మానియా ఆస్పత్రిలో తీసింది. వరండాలో నేల మీద కూర్చున్న ఒకామె దగ్గరికి నేను మైకు పట్టుకుని వెళ్తున్నాను. ఉన్నట్టుండి ఫ్రేము కిందికి జారింది. గచ్చు, ఎవరివో చెప్పులు. వెనక నుంచి మా కెమెరామన్ గొంతు: "వద్దు మేడం. ఇప్పుడు అడగొద్దు."

ఆ రాత్రి ఆయన మీద మండిపడ్డాను. ఆమె మాటల బైట్ వేరే ఛానెల్లో వచ్చింది మరి. ఆఫీసులో న్యూస్ డెస్క్ నన్ను తిడితే నేను తప్పంతా ఆయన మీదికి నెట్టాను. 2011లో గుండెపోటుతో పోయారు. ఒక్కసారి కూడా సారీ చెప్పలేదు నేను.

కెమెరామన్ ఫ్రేములో ఉండడు కదా. ఆయన పోయేనాటికి వాళ్ల పాపకు నాలుగేళ్లు. "ఆంటీ, నాన్న గొంతు ఎక్కడైనా ఉందా?" అని ఎన్నిసార్లు అడిగిందో. వెతికితే చాలా చోట్ల దొరికింది. "తెల్ల కాగితం చూపించండి", "రోలింగ్", "మైకు కొంచెం కిందికి, లోగో కట్ అవుతోంది". బాలాపూర్ లడ్డూ వేలంలో జనం తోసేస్తుంటే ఒక పచ్చి తిట్టు. అన్నీ అతికితే నాలుగు నిమిషాలయ్యాయి. తిట్టు తీసేయమంటావా అని అడిగితే, "ఉంచండి ఆంటీ" అంది.

మూడు టేపులు ఇంకా మొరాయిస్తున్నాయి. పెద్దాయన పట్టుకెళ్లారు, చూద్దామన్నారు.

ఆదివారం మా ఇంట్లో భోజనం. ముగ్గురూ రావాలి. సీటీసీ బాబూ, నీ నంబరు తీసుకోవడం మర్చిపోయాను. ఇది చూస్తే మెసేజ్ పెట్టు నాన్నా.