అటక మీది పాత సీరియళ్లను కిలోల లెక్కన అమ్మకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పుస్తకాల పండగ వచ్చినప్పుడల్లా ఎన్ని స్టాళ్లు పెట్టారు, ఎవరు ప్రారంభించారు అని మీ పేపర్లో రాస్తూనే ఉంటారు. నాది వేరే సంగతి. ఈ జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో, నలభై ఏళ్లుగా చూడాలనుకుంటున్న ఒక నవలా రచయితను కలిశాను. ఆయన పేరు మాత్రం రాయను. "నా పేరు పెట్టి రాయకమ్మా, అడుక్కున్నట్టు ఉంటుంది" అన్నారు.

1983లో నేను తెనాలిలో ఇంటర్ ఫస్టియర్. ఆయన నవల ఒక వారపత్రికలో ఇరవై ఆరు వారాలు సీరియల్‌గా వచ్చింది. పత్రిక గుమ్మంలో పడగానే ముందు నాన్న, తర్వాత అమ్మ, ఆ తర్వాత పక్కింటి పిన్నిగారు, అందరిదీ అయ్యాక నా చేతికొచ్చేది. సీరియల్ పూర్తయ్యాక అమ్మ పిన్నులు ఊడదీసి, ఆ పేజీలన్నీ వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి బైండు చేసింది. పేజీ తిప్పితే వెనక సగం గుత్తొంకాయ కూర, వారఫలాలు, పౌడర్ డబ్బా ప్రకటన. మీ పాఠకుల్లో చాలామంది ఇళ్లల్లో ఇలాంటివి ఉండే ఉంటాయి. మా బైండులో మాత్రం పధ్నాలుగో వారం లేదు. వాళ్ల చెల్లెలి చేత చదివిస్తానని పిన్నిగారు పట్టుకెళ్లారు, అంతే.

పదమూడో వారం చివర కథలోని రైతు సంతలో ఎద్దుల జతను అమ్మేసి, రెండు పలుపుతాళ్లు చేత్తో పట్టుకుని చీకటి పడ్డాక బస్సు దిగుతాడు. సశేషం. పదిహేనో వారం తెరిస్తే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు, భార్య పుట్టింటికి వెళ్లిపోయి ఉంటుంది. మధ్యలో ఆ రాత్రి ఏం జరిగిందో పైన 'జరిగిన కథ'లో ఒక్క ముక్కలో తేల్చేశారు, గొడవ అయిందని. కొన్నేళ్లకు నవల పుస్తకంగా వస్తే పరిగెత్తుకెళ్లి కొన్నాను. అందులోనూ ఆ రాత్రి రెండు వాక్యాల్లో దాటిపోయింది.

పుస్తకాల పండగకు నేను పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో జరిగే రోజుల నుంచీ (అదే, ఇప్పుడు అంబేడ్కర్ విగ్రహం ఉన్న స్వరాజ్ మైదానం) వెళ్తున్నాను, ఎప్పుడూ ఆయన తారసపడలేదు. ఈసారి తెలిసినవాళ్ల స్టాల్లో ఓ మూల ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో గుడ్డ సంచీతో కూర్చుని ఉన్నారు. ఎనభై దాటాయట. పుస్తకం వెనక ఫోటోలో ఒత్తు జుట్టు, నల్ల కళ్లద్దాలు, అందుకని స్టాల్ అబ్బాయి పేరు పెట్టి పిలిచేదాకా నేను పోల్చుకోలేదు. టెన్షన్‌లో ఇన్నేళ్లుగా చెప్పాలనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నమస్కారం కూడా పెట్టకుండా "పధ్నాలుగో వారంలో ఏమైందండీ?" అని అడిగేశాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "ఎద్దులు అమ్మొచ్చిన రాత్రా?" అన్నారు.

పుస్తకం వేసేటప్పుడు ధర పెరిగిపోతుంది, పేజీలు తగ్గించమన్నారట. డెబ్బై పేజీల దాకా ఎత్తేశారు. చేత్తో రాసిన ప్రతిని పత్రికకు పంపారు, అది తిరిగి రాలేదు, కాపీ పెట్టుకోలేదు. ఆ పత్రికా ఆగిపోయింది. దాచుకున్న సంచికలు ఇల్లు మారేటప్పుడు వానకు నాని ముద్దయ్యాయి. "ఆ మొగుడూ పెళ్లాం ఏం మాట్లాడుకున్నారో నాకూ గుర్తులేదమ్మా, బాగా కుదిరిందని మాత్రం గుర్తుంది" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రాసినాయన దగ్గర తన నవల పూర్తిగా లేదు, తెనాలిలో మా అటక మీద మాత్రం ఒక్క వారం తక్కువగా మొత్తం ఉంది!

బైండు సంగతి చెప్పగానే ఆయనకు నా అభిమానం, నా పొగడ్తలు ఏవీ అక్కర్లేకపోయాయి. బొమ్మలు కూడా ఉన్నాయా, ఉత్తరం వచ్చే సీను ఉందా అని ఒకటే ప్రశ్నలు.

ఇంటికెళ్లి అటక మీంచి బైండు దించి జిరాక్సు షాపుకు తీసుకెళ్తే ఆ కుర్రాడు రెండు పేజీలు తిప్పి "మేడం, ఇవి అప్పడాల్లా విరిగిపోతున్నాయి, నా వల్ల కాదు" అని ఇచ్చేశాడు. న్యూస్‌ప్రింట్ కాగితం గుణమే అంత, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ పసుపెక్కి పెళుసైపోతుంది. చివరికి కిటికీ దగ్గర చాప పరుచుకుని రెండు మధ్యాహ్నాలు ఒక్కో పేజీ ఫోన్లో ఫోటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపాను.

ఎడిటర్ గారూ, నేను అడిగేది ఇది. నవల పుస్తకంగా వచ్చేసింది కదా అని సీరియల్ జోలికి ఎవరూ వెళ్లరు, కానీ రెండూ ఒకటే అనుకోడానికి లేదని నాకు ఇప్పుడు తెలిసింది. కథల కోసం కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే లైబ్రరీ పెట్టారు. వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ 1918లో పుట్టింది, పాత పత్రికలను ఇప్పటికీ కాపాడుతోంది. ప్రెస్ అకాడమీ కొన్ని పాత పత్రికలను స్కాన్ చేయించింది. సీరియల్ నవలల్నీ ఎవరో ఒకరు ఇలా పట్టించుకోవాలి, ఆ పని వాటిని వేసిన పత్రికల వాళ్లే మొదలుపెడితే బాగుంటుంది. ఆఫీసుల్లో ఫైల్ కాపీలు ఎక్కడో మూలన ఉంటాయి కదా. అవీ మా బైండులాంటి కాగితమే, మరో పదేళ్లు ఆగితే పొడే మిగులుతుంది. పాఠకులు కూడా, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ క్యాలెండర్ అట్టల బైండ్లను పాతపేపర్ల అతనికి వేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి, రచయిత ఉంటే ఫోన్ చేసి అడగండి. మీ ఆదివారం అనుబంధంలో సమీక్ష కింద "ప్రతులకు" అని నంబరు వేస్తారు చూడండి, అలాగే "ఈ సీరియల్ ఎవరి దగ్గరైనా ఉందా" అని వారానికి నాలుగు లైన్లు వేసినా చాలు.

మొన్న రాత్రి ఆయన ఫోన్ చేశారు. ఆరో వారంలో ఒక పేరు తప్పు పడిందట, అప్పట్లో ఆ పత్రికతో పోట్లాడారట, అదంతా గుర్తొచ్చింది గానీ ఆ రాత్రి మాటలు మాత్రం ఇంకా రాలేదన్నారు. "ఆ పక్కింటావిడ పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోమ్మా" అని పెట్టేశారు. కనుక్కున్నాను. పిన్నిగారు పోయి చాలా ఏళ్లైంది, కూతురు బెంగళూరులో ఉంది, అమ్మ ట్రంకు పెట్టె మాత్రం ఎవరూ తెరవలేదు, తెనాలిలో తమ్ముడి ఇంట్లోనే ఉందని చెప్పింది. ఆదివారం వెళ్తున్నాను.

— ఒక పాఠకురాలు, తెనాలి