రోబో పాఠాలకు ఆగ్‌మెంటెడ్ రియాలిటీ తోడు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ పాఠశాలల్లో రోబో ప్రోగ్రామింగ్ నేర్పే తీరు గురించి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకుడిగా ఈ లేఖ రాస్తున్నాను. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల వల్ల ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే పిల్లలకు రోబో కిట్లు అందుబాటులోకి వచ్చాయి. అయితే గత ఏడాది చిత్తూరు సమీపంలోని ఒక పాఠశాలకు వెళ్లినప్పుడు నలభై మందికి ఒక్కటే చక్రాల రోబో కనిపించింది. ఆ పీరియడ్‌లో ఐదారుగురికి వంతు దక్కగా తక్కినవారు చూస్తూ కూర్చున్నారు. వస్తువు పాడైతే జవాబు చెప్పుకోవాల్సింది తామే కనుక ఉపాధ్యాయులు దాన్ని బీరువాలోంచి తీయడానికే జంకుతున్నారు, అందుకు వారిని తప్పుపట్టలేను.

ఇక్కడే ఆగ్‌మెంటెడ్ రియాలిటీ, అంటే కెమెరాలో కనిపించే నిజమైన దృశ్యం మీద కంప్యూటర్ బొమ్మలను కలిపి చూపే పద్ధతి, అక్కరకొస్తుంది. ట్యాబ్ కెమెరాను బల్ల మీదకు తిప్పితే తెరపై అదే బల్ల మీద రోబో నిలబడి, విద్యార్థి రాసిన ఆదేశాల ప్రకారం కదిలి చూపిస్తుంది. అసలు లాభం మాత్రం కంటికి కనిపించనిదాన్ని కనిపించేలా చేయడంలో ఉంది. ధ్వని తరంగాలతో అడ్డంకులను గుర్తించే అల్ట్రాసోనిక్ సెన్సర్ తన ముందున్న సన్నని శంకువు ఆకారపు ప్రాంతాన్నే పసిగడుతుంది కాబట్టి, పక్కగా ఉన్న బల్లకాలికి రోబో గుద్దుకుంటే పిల్లవాడు తప్పు తన ప్రోగ్రామ్‌లో ఉందనుకుని గంటసేపు వెతుకుతాడు. ఆ శంకువు తెర మీద గీసి కనిపిస్తే కారణం వెంటనే తెలిసిపోతుంది. రోబో చేయి విషయమూ అంతే. ‘పది సెంటీమీటర్లు ముందుకు’ అన్న ఆదేశానికి పీఠాన్ని బట్టి ఒక దిశ, చేతి చివరి పనిముట్టును బట్టి మరో దిశ ఉంటాయని నల్లబల్ల మీద ఎన్నేళ్లు గీసి చెప్పినా చాలామందికి బోధపడేది కాదు. ఆ రెండు దిశల బాణాలూ చేయి మీదే కనిపిస్తుంటే విడిగా వివరించాల్సింది కొంచెమే.

దీనికి ఖరీదైన కళ్లద్దాలు అవసరం లేదు. కాగితం మీద ముద్రించిన గుర్తును కెమెరా పోల్చుకుని, ఆ చోట రోబో బొమ్మను చూపే పద్ధతి మామూలు ట్యాబ్‌లలోనూ పనిచేస్తుంది, ఎనిమిదో తరగతి విద్యార్థులకు ప్రభుత్వం 2022లో ట్యాబ్‌లు పంచిన సంగతీ తెలిసిందే. అయితే తెర మీది రోబోకు చక్రం జారదు, బ్యాటరీ దిగిపోదు. అందువల్ల ఇది కిట్‌కు బదులు కాకూడదు. తెర మీద సరిచూసుకున్న ప్రోగ్రామ్‌ను అదే వారంలో ప్రతి విద్యార్థీ నిజమైన రోబో మీద నడిపి, తేడా ఎక్కడ వచ్చిందో రాసుకోవాలి.

ఏర్పేడులోని తిరుపతి ఐఐటీ, శ్రీసిటీలోని ట్రిపుల్ ఐటీ మన దగ్గరే ఉన్నాయి. తెలుగులో వివరణ ఉండి, ఇంటర్‌నెట్ లేకున్నా నడిచే పాఠాలను తయారుచేసే పనిని విద్యాశాఖ ఆ సంస్థలకు అప్పగించాలని, వేసవి సెలవుల్లో తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో ముందుగా ఉపాధ్యాయులకే శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
తిరుపతి.