మా ఇన్‌పుట్ బోర్డు రెండో లాట్‌లో తప్పు ఉంది, కరెంటు ఇచ్చేముందు ఇది చదవండి

కోఠిలో మా షాపు నుంచి ఎన్‌ఈ5532 (పాట సిగ్నల్‌ని పెంచే ఐసీ) ఇన్‌పుట్ బోర్డు కిట్ కొన్నవాళ్లందరికీ ఈ మాట. మీ దగ్గరున్నది నీలం రంగు బోర్డయితే, అంటే రెండో లాట్‌దైతే, సాకెట్‌లో ఐసీ ఇప్పుడే పెట్టకండి. పచ్చ బోర్డుకు ఈ తప్పు లేదు.

ఐసీకి ప్లస్ 15 వోల్టులిచ్చే 7815, మైనస్ 15 ఇచ్చే 7915 రెగ్యులేటర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కాళ్ల వరస మాత్రం వేరు. అక్షరాలు మనవైపు పెట్టి చూస్తే ఎడమ నుంచి 7815కి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7915కి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. నీలం బోర్డులో రెండింటికీ 7815 వరసే పడింది. ఒక్క బోర్డు కట్టి చూశాక అమ్మాల్సింది, అలా చెయ్యలేదు. తప్పు పూర్తిగా మాదే. దీనివల్ల ఐసీకి మైనస్ 15 వోల్టులు అందవు. పాట చీలిపోతుంది, లేదా అసలే రాదు.

ఇంట్లో సరిచేసుకోవచ్చు. 7915 మొదటి రెండు కాళ్లకు స్లీవ్ (సన్నటి ప్లాస్టిక్ గొట్టం) తొడిగి, ఒకదాని మీద ఒకటి దాటించి సోల్డర్ చెయ్యండి. ఇప్పటికే కరెంటు ఇచ్చి ఉంటే పాత 7915నీ, దాని తర్వాతి కెపాసిటర్‌నీ పారేసి కొత్తవి వెయ్యండి. ఒక జాగ్రత్త: 7915 వెనక రేకు గ్రౌండ్ కాదు, అది ఇన్‌పుట్. డబ్బా ఇనుప బాడీకి తగిలిందా, నెగటివ్ సప్లై షార్టే. ఒక్క 5532 తాగేది సుమారు 8 మిల్లీ ఆంపియర్లే కాబట్టి హీట్‌సింకే అక్కర్లేదు. రేకును గాల్లో వదిలేయండి.

ఐసీ లేకుండా కరెంటు ఇచ్చి, మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి సాకెట్ చూడండి. 8వ కాలి దగ్గర ప్లస్, 4వ కాలి దగ్గర మైనస్, రెండూ 14.4 నుంచి 15.6 మధ్య ఉండాలి. అప్పుడే ఐసీ.

"హమ్ (గుయ్‌మనే చప్పుడు) వస్తోంది" అని వచ్చినవాళ్లలో చాలామంది 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ వాడారు. దాని నుంచి డయోడ్ దాటాక మిగిలేది 16 వోల్టుల పైచిలుకు. 15 నిలబడాలంటే రెగ్యులేటర్‌కి కనీసం 17 కావాలి. చాలకపోతే 100 హెర్ట్జ్ అలలు నేరుగా పాటలోకి దిగుతాయి. 15-0-15 కొనండి, లేదంటే 7812, 7912 వేసుకోండి, శబ్దంలో తేడా తెలియదు. వాల్యూమ్ కంట్రోల్ ఇనుప ఒంటిని వేలితో తాకితే హమ్ తగ్గిందంటే దానికి గ్రౌండ్ లేదన్నమాట. ఒక చిన్న వైరు చాలు.

నాబ్ తిప్పినప్పుడు కరకర కూడా మా డిజైన్‌లోని లోటే, ఇది రెండు రంగుల బోర్డుల్లోనూ ఉంది. 5532 ఇన్‌పుట్ కాలు కొద్దిపాటి డీసీ కరెంటు లాగుతుంది. అది 47 కిలో ఓమ్ కంట్రోల్ మధ్య కాలి గుండా పోతుంటే తిప్పినప్పుడల్లా చప్పుడే. కొత్త కంట్రోల్ కొన్నా పోదు. మధ్య కాలి నుంచి ఐసీకి వెళ్లే ట్రాక్ కోసి, అక్కడ 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టండి. ఐసీ కాలి నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్ రెసిస్టర్ వెయ్యండి. ఒక ఛానల్‌కి 3వ కాలు, రెండోదానికి 5వ కాలు. ఈ రెసిస్టర్ మర్చిపోతే ఇన్‌పుట్ గాల్లో వేలాడి, అవుట్‌పుట్ ఏదో ఒక సప్లై వైపు అతుక్కుపోతుంది. ఇంత పని వద్దనుకుంటే అదే సాకెట్‌లో 5532 బదులు టీఎల్072 ఐసీ పెట్టండి. కాళ్లు ఒకటే, కరకర పోతుంది, కాస్త హిస్ (బుస్సుమనే చప్పుడు) పెరుగుతుంది. మా ఓటు మాత్రం కెపాసిటర్‌కే.

ఒక్క స్పీకర్ బాక్సుకే కడుతున్నవాళ్లు ఫోన్ ఎడమ, కుడి వైర్లు మెలేసి కలపొద్దు. ఫోన్‌లోని రెండు అవుట్‌పుట్‌లూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఒక్కోదానికి 4.7 కిలో ఓమ్ వేసి, ఆ తర్వాత కలపండి.

నీలం బోర్డు వెనక్కి తెస్తే బిల్లు లేకపోయినా సరే, సరిచేసిన బోర్డు, కొత్త 7915, రెండు ఫిల్మ్ కెపాసిటర్లు ఉచితం. సోల్డర్ చేసేసినా తీసుకుంటాం. బయటి ఊళ్లవాళ్లకు కొరియర్ ఖర్చు రెండువైపులా మాదే. చవితి మండపానికి కడుతున్నవాళ్లు ఆ మాట ముందే చెప్పండి, మీ బోర్డు మేమే కట్టి, వోల్టేజీ చూసి చేతికిస్తాం.